దుర్గాబాయమ్మ గారు వేసిన దారి

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. ఈ స్వర్ణోత్సవ సంచికకు ఒక పెద్దవారి జీవితం రాసి పెట్టమని కమిటీ మిత్రులు అడిగారు. ఇంజనీరును కాబట్టి కాటన్ దొర గురించి రాస్తాననుకున్నట్టున్నారు. ఏలూరు కాలవ నీళ్ళతో పెరిగినవాళ్ళం, ఆయన మీద నాకూ భక్తి తక్కువేమీ లేదు. కాని ఆయన గురించి చెప్పేవాళ్ళకు గోదావరి జిల్లాల్లో కొదవ లేదు. నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాస్తున్నాను. అందుకు కారణం మా హోంసైన్సు టీచరమ్మ.

1981 జూన్‌లో వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మగపిల్లలకు హోంసైన్సు ఉండేది కాదు గాని, ఆ రోజు లెక్కల మాస్టారు సెలవులో ఉండడంతో టీచరమ్మ మా క్లాసుకు వచ్చారు. నెల రోజుల కిందట, మే 9న, దుర్గాబాయమ్మ గారు పోయారని చెప్పి కాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత తన సంగతి చెప్పారు. అయిదో తరగతితో చదువు ఆపేసి పెళ్ళి చేశారట. చిన్న వయసులోనే భర్త పోయారు. ముప్పై దగ్గర పడ్డాక, రెండేళ్ళలో మెట్రిక్ చదివించే కోర్సు ఒకటుందని ఎవరో చెబితే వెళ్ళి చేరారు. మెట్రిక్ గట్టెక్కాక స్టైపెండు మీద టీచరు ట్రైనింగు. ఆ కోర్సు పెట్టించింది దుర్గాబాయమ్మ గారు. ఇదంతా వింటూ నేను కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాను. బెల్లు ఎప్పుడు కొడతారా అన్నదే నా బెంగ.

ఆ మాటలు నాకు మళ్ళీ గుర్తొచ్చేసరికి పాతికేళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మనకు పొరుగు ఊరే. గోదావరి దాటితే ఆవలి గట్టు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని భర్తకే నచ్చజెప్పి, ఆయన్ను వేరే పెళ్ళి చేసుకోమని పంపేశారు. 1920లలో గోదావరి జిల్లాలో ఒక ఆడపిల్ల చేసిన పని ఇది. పైగా ఆ తెంపులో పగ లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన చనిపోతే, ఆయన రెండో భార్యను దగ్గరికి తీసుకుని చేతిపని నేర్పించి నిలబెట్టింది దుర్గాబాయి గారే.

పన్నెండేళ్ళ వయసులో ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, ఆయన్ను దేవదాసీ స్త్రీలతో కలిపించాలని పట్టుబట్టారు. అయిదు వేల రూపాయలు పోగుచేస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. బహుశా అయ్యే పని కాదనుకుని అని ఉంటారు. ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. గాంధీగారు వాళ్ళ దగ్గర అనుకున్న దానికంటే చాలాసేపు ఉండిపోయారు.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆపేసింది. టికెట్టు రెండణాలు. నిర్వాహకులు కంగారుపడి పరుగెత్తుకొచ్చినా ఆ పిల్ల పక్కకు తప్పుకోలేదు. టికెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మనం నవ్వుకుంటాం గాని, ప్రభుత్వపు డబ్బు పంచే కుర్చీలో ముప్పై ఏళ్ళ తర్వాత కూర్చున్నది ఈ మనిషే అన్నది గుర్తు పెట్టుకోవాలి.

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో నడిపించిన వాళ్ళలో ఆమె ఒకరు. 1930–33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. అక్కడ హత్యానేరం మీద వచ్చిన ఆడవాళ్ళను చూశారు. తమ మీద కేసేమిటో, కోర్టులో ఏం జరిగిందో చెప్పుకోలేని మనుషులు. తమ తరఫున మాట్లాడేవాళ్ళు లేక, చదవడం రాక జైల్లో పడ్డవాళ్ళు. బయటికి వెళ్ళాక చదువుకోవాలి, లా చదవాలి అన్న నిశ్చయం ఆమెకు అక్కడే కలిగింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆమె జీవితంలో అన్నిటికంటే నన్ను పట్టుకున్న భాగం ఇదే.

జైలు నుంచి వచ్చేటప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు దాటాయి. చేతిలో ఏ పరీక్షా లేదు. ఏ ఇంగ్లీషును కాదని బడి మానేశారో ఆ ఇంగ్లీషే ఇప్పుడు కావలసి వచ్చింది. చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని ఫస్టుఫారం నుంచి మొదలుపెట్టే వయసు కాదు. ప్రైవేటుగా చదివి రాయడానికి కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ఉంది. దానికి కూర్చున్నారు, నెగ్గారు. ఆ తర్వాత ఇంటర్. బి.ఏ.కు వాల్తేరు వెళితే ఆడపిల్లలకు హాస్టలు లేదని చేర్చుకోవడానికి వెనకాడారు. అప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు వైస్ చాన్సలరు. దుర్గాబాయి గారు పత్రికలో ప్రకటన వేసి, తనలాగే చదవాలని ఉండి ఆగిపోయిన అమ్మాయిలను పోగుచేసి, తామే హాస్టలు పెట్టుకున్నారు. ఇక కాదనడానికి విశ్వవిద్యాలయానికి కారణం మిగల్లేదు. అక్కడ రాజనీతి శాస్త్రం చదివి, మద్రాసులో లా పూర్తిచేసి, 1942లో పట్టా తీసుకుని అక్కడే వకీలుగా పేరు తెచ్చుకున్నారు.

చదువుతూనే చదువు చెప్పారు. మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు ఆడపిల్లలను చేరదీసి, తను రాసిన ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే వాళ్ళనూ తయారు చేయసాగారు. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభకు మొదలు అదే. ఇవాళ మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఆ సభ పేర ఆసుపత్రులు, కాలేజీలు, ట్రైనింగు స్కూళ్ళు ఉన్నాయి. వాటికి పునాది, పరీక్ష కోసం చాప మీద కూర్చుని చదివిన నలుగురు పిల్లలు. నేను వృత్తిరీత్యా పునాదులు చాలా చూశాను. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత బరువు మోసిన పునాది మరొకటి నేనెరగను.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. ఆ చర్చల్లో ఆమె పాత్ర గురించి రాయడానికి నా చదువు చాలదు కాబట్టి అది వదిలేస్తున్నాను. 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. అప్పుడు నెహ్రూ గారు, ఒకప్పుడు టికెట్టు కొనిపించిన ఆ మనిషినే పిలిచి ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు. 1953 జనవరిలో, అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో ఆమె పెళ్ళి జరిగింది. ఆయన మహారాష్ట్రులు, రిజర్వు బ్యాంకుకు గవర్నరైన మొదటి భారతీయుడు. ఆ పెళ్ళికి నెహ్రూ గారు సాక్షి సంతకం చేశారు.

అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి ఆమే తొలి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయంగా 4 కోట్ల రూపాయలు కేటాయించారు. దాన్ని ఎవరికి ఎలా ఇవ్వాలన్నది బోర్డు చూసుకోవాలి. 1954 నుంచి పల్లెల్లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలుపెట్టారు. సుమారు పాతిక ఊళ్ళను ఒక ముక్కగా తీసుకుని, అక్కడ బాలవాడీ, కుట్టుపని కేంద్రం, కాన్పుల సాయం, వయోజన స్త్రీలకు అక్షరాలు, ఇవన్నీ పెట్టాలి. నడపడానికి గ్రామసేవిక, దాయి, క్రాఫ్టు టీచరు కావాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. డబ్బుంది, కాగితం మీద పథకం ఉంది, ఊళ్ళున్నాయి. పనిచేసే ఆడవాళ్ళు లేరు. చదువుకున్న ఆడవాళ్ళు పట్నాల్లో ఉన్నారు, పల్లెకు రారు. వచ్చినా ఉండరు. ఉండమని గట్టిగా అడగడానికి కూడా లేదు. ఊళ్ళో ఒంటరి ఆడమనిషికి అద్దెకిల్లు ఇచ్చేవాళ్ళు లేరు. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళకేమో చదువు లేదు. టీచరమ్మ లేదని ఆడపిల్లలను బడికి పంపరు. ఆడపిల్లలు బడికి రారు కాబట్టి రేపటికి టీచరమ్మ తయారు కాదు. గానుగెద్దులాగా తిరిగిన చోటే తిరగడం.

దీనికి ఆమె కనిపెట్టిన ఉపాయం చాలా తేలికగా కనిపిస్తుంది. తను నడిచి వచ్చిన దారినే రోడ్డు చేశారు, అంతే. 1958లో సంక్షేమ బోర్డు తరఫున వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు ప్రారంభమయ్యాయి. చిన్నప్పుడు నాలుగైదు క్లాసులు చదివి ఆపేసిన ఇరవై, ముప్పై ఏళ్ళ స్త్రీలను తీసుకోవాలి. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, బతుకుతెరువు లేనివాళ్ళు. వాళ్ళను ఒకచోట ఉంచి, రెండేళ్ళలో మిడిల్ స్కూలు పరీక్షకో మెట్రిక్కుకో తయారుచేయాలి. ఖర్చు గ్రాంటుగా బోర్డు భరిస్తుంది. పాసైనవాళ్ళు ప్రాథమిక పాఠశాల టీచర్లుగా, గ్రామసేవికలుగా, నర్సులుగా ట్రైనింగుకు వెళ్ళడానికి అర్హులవుతారు. పల్లెకు కావలసిన ఉద్యోగిని పట్నం నుంచి బతిమాలి తెచ్చుకునే పని లేదు, పల్లెలోనే తయారవుతుంది.

అదే సంవత్సరం స్త్రీవిద్య మీద జాతీయ కమిటీ వేసి ఆమెను అధ్యక్షురాలిని చేశారు. 1959 జనవరిలో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా చూడాలని, దానికి విడిగా నిధులు పెట్టాలని అందులో చెప్పారు. పల్లెల్లో టీచరమ్మలకు క్వార్టర్లు కట్టాలని, ట్రైనింగుకు వచ్చే అమ్మాయిలకు స్టైపెండు ఇవ్వాలని, హాస్టళ్ళు పెట్టాలని కూడా చెప్పారు. క్వార్టర్ల మాట దగ్గర నాలాంటి ఇంజనీరు కాస్త తలొంచుకోవాలి. మనం బడికి గదులు కట్టాం, ప్రహరీ కట్టాం. టీచరమ్మ రాత్రి ఎక్కడ పడుకుంటుందన్న సంగతి మా అంచనాల్లోకి రాలేదు.

హోంసైన్సు గురించి ఒక మాట. ఈ తరం అమ్మాయిలకు ఆ పేరు చెబితే వంటింటికి కట్టేసే చదువని కోపం వస్తుంది. ఆ కోపం సబబే. దుర్గాబాయి గారే తొలి అధ్యక్షురాలిగా 1959లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా మండలి, కొద్దికాలానికే హంసా మెహతా గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆడపిల్లలకో చదువు మగపిల్లలకో చదువు అని విడదీయవద్దన్నది ఆ కమిటీ సారాంశం. కాని 1960లలో కూతుర్ని, కోడల్ని గడప దాటించడానికి పల్లె పెద్దలు ఒప్పుకున్న ఉద్యోగాల్లో హోంసైన్సు టీచరు ఒకటి. ఇంటిపని నేర్పే ఉద్యోగమే కదా అని సరిపెట్టుకునేవారు. ఆ మిషతో ఎంతమంది బయటపడ్డారో. మా టీచరమ్మ ఆడపిల్లలకు చెప్పిన పాఠాల్లో కుట్లూ అల్లికలూ ఉన్నాయి గాని, నీళ్ళు కాచి చల్లార్చి తాగడం, విరేచనాలైన బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టడం కూడా ఉన్నాయి. చెరువు నీళ్ళే తాగునీళ్ళైన కొల్లేటి లంకల పిల్లలకు అది వంటింటి పాఠం కాదు, ప్రాణాలు నిలిపే పాఠం. మా మగపిల్లలకు చెప్పకపోవడమే తప్పు.

ఇప్పుడు నా సంగతి. నేను ఉద్యోగంలో చేరింది పల్లె రోడ్ల పనిలో. 1943 నాటి నాగపూర్ ప్రణాళిక, వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ ఊరూ పెద్ద రోడ్డుకు 5 మైళ్ళకు మించి దూరం ఉండకూడదంది. 1974లో కనీస అవసరాల కార్యక్రమం 1500 జనాభా దాటిన ఊళ్ళకు రోడ్డు అంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 500 జనాభా ఉన్న ఊళ్ళదాకా దిగింది. భీమడోలు వాళ్ళం అదృష్టవంతులం. కలకత్తా–మద్రాసు హైవే ఊళ్ళోంచే పోయేది, రైలు స్టేషనూ ఉంది. కాని అయిదారు మైళ్ళు దక్షిణానికి వెళితే కొల్లేరు. మనతో చదివిన లంక పిల్లలు గుర్తున్నారా? బుడమేరు, తమ్మిలేరు పొంగితే వారం పది రోజులు బడికి వచ్చేవారు కాదు. వచ్చిన రోజున మోకాళ్ళదాకా ఒండ్రు. ఆడపిల్లల్లో కొందరు దసరా సెలవుల తర్వాత ఇక రానే రాలేదు. వాళ్ళు ఎందుకు మానేశారని మనలో ఎవరూ అడగలేదు.

అందుకే కొల్లేటి అంచున ఒక ఊరికి రోడ్డు వేసే పని నా చేతికి వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అక్కడంతా నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. గట్టు ఎత్తు పెంచాలి, అలాగని నీటి దారికి అడ్డం పడకూడదు, తూములు ఎక్కడెక్కడ పెట్టాలో చూసుకోవాలి. కింద గ్రావెల్ మందంగా పరిచి, దాని మీద కంకర, ఆపైన తారు. రెండు వేసవులు పట్టింది. మొదటి బస్సు వచ్చిన రోజున ఊరివాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. ఆ ఊరి బడికి ఒక టీచరమ్మ కూడా వచ్చారు. రోడ్డు పడింది కాబట్టి వచ్చారు. నా పని పూర్తయిందనుకున్నాను.

మూడేళ్ళ తర్వాత రిపేర్ల అంచనాకు వెళితే బడిలో టీచరమ్మ లేరు. బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారట. తర్వాత ఇంకొకరు వచ్చి, ఆవిడా ఏడాదిలోపే వెళ్ళారట. ఎలా వెళ్ళారని ఎవరినీ అడగనక్కర్లేదు, నేను వేసిన రోడ్డు మీదే. వాళ్ళను తప్పుపట్టను. పిల్లల చదువులు, భర్త ఉద్యోగం, ఊళ్ళో ఇల్లు దొరకకపోవడం. నేనైనా అదే చేసేవాణ్ణి. రోడ్డు మనుషుల్ని తేవడమే కాదు, తీసుకుపోతుంది కూడా అన్న సంగతి మా ఇంజనీరింగు పుస్తకాల్లో లేదు. ఆ రోజు తిరిగి వస్తూ జీపులో, పాతికేళ్ళ కిందటి జూన్ నెల, లెక్కల పీరియడు, మా టీచరమ్మ గుర్తొచ్చారు. ఆవిడ ఇరవై ఏళ్ళు మన బడి వదిలిపెట్టలేదు. మంచి బదిలీ రాక కాదు. ఆవిడది పక్క ఊరు. ఎక్కడికి పోతారు?

దుర్గాబాయి గారి ప్రయత్నాలన్నీ పండలేదు. సంక్షిప్త కోర్సుల్లో చేరినవాళ్ళందరూ పాసవలేదు, పాసైన వాళ్ళందరికీ ఉద్యోగాలు రాలేదు. గ్రాంటు డబ్బు మీద నడిచే సంస్థల్లో మంచివీ ఉంటాయి, బోర్డు కట్టి ఫొటోలు తీయించుకునేవీ ఉంటాయి. ఆమె చైనా వెళ్ళి చూసొచ్చి, కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని 1953 నుంచీ చెబుతూ వచ్చారు. ఆ చట్టం 1984లో వచ్చింది, చూడడానికి ఆమె లేరు. దేశ్‌ముఖ్ గారు ఉద్యోగాల నుంచి తప్పుకున్నాక దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చేశారు. అక్కడ ఆంధ్ర మహిళా సభ పనులే ఆమెకు లోకం. విద్యానగర్ వైపు వెళ్ళినవాళ్ళు ఆమె పేరున్న ఆసుపత్రి చూసే ఉంటారు. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆమె పోయిన మరుసటి ఏడాది, 1982లో, ఆయనా కన్నుమూశారు.

మన సంఘం సంగతితో ముగిస్తాను. స్వర్ణోత్సవాల నిధితో బడి గేటుకు ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోంది. ఆర్చి అంటే నాకూ ఇష్టమే, డిజైను, ఎస్టిమేటు ఉచితంగా వేసిస్తానని మాట కూడా ఇచ్చాను. కాకపోతే దాన్ని కాస్త చిన్నది చేసి, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీతో ఏటా ఒక అమ్మాయి టీచరు ట్రైనింగు ఫీజు, హాస్టలు ఖర్చు కడదామని జనరల్ బాడీలో ప్రతిపాదిస్తున్నాను. అమ్మాయి మన బడిలో చదివినదై ఉండాలి, కొల్లేటి ఊళ్ళదైతే మరీ మంచిది. పెళ్ళయి చదువు ఆపేసిన పాతికేళ్ళ అమ్మాయి దరఖాస్తు పెట్టినా వయసు చూసి పక్కన పెట్టకూడదు. రెండు ఎస్టిమేట్లూ తయారుగా ఉన్నాయి. పెద్ద ఆర్చిది, చిన్న ఆర్చిది. మీటింగుకు రెండూ పట్టుకొస్తాను.